చంద్రుడిపై మనిషి కాపురానికి ముందు: ఏ పనికి ఎలాంటి రోబో?

1969 నుంచి 1972 వరకు పన్నెండు మంది చంద్రుడి మీద నడిచారు. వారిలో ఎక్కువసేపు ఉన్నది అపోలో 17 జంట. అదీ 75 గంటలే. మూడు రోజుల మజిలీకి గుడారంలాంటి ల్యాండర్ చాలింది. ఏళ్ల తరబడి ఉండాలంటే మాత్రం మనుషులు దిగేనాటికే కొన్ని పనులు పూర్తయి ఉండాలి. రాకెట్ దిగే చోటును చదును చేసి చుట్టూ కట్ట పోయాలి. కరెంటు సిద్ధంగా ఉండాలి. నివాసం మీద మీటర్ల మందాన మట్టి కప్పాలి. నీటిమంచు ఎక్కడ, ఎంత లోతున ఉందో తవ్వి చూడాలి. ఈ చాకిరీకి రోబోలే దిక్కు. ఆ మాట మీద ఎవరికీ పేచీ లేదు. ఎలాంటి రోబోలు, ఎన్ని, వాటికి ఎంత స్వేచ్ఛ అన్న చోటే లెక్కలు తేలడం లేదు. ఒక ప్రతిపాదనను తూచాల్సిన ఇంజినీరుకైనా, పోటీకి రోవర్ కడుతున్న విద్యార్థి బృందానికైనా, వార్తల్లోని బొమ్మలు చూసి ఏది నమ్మాలో తేల్చుకోవాలనుకునే వారికైనా పనికొచ్చేలా ఈ ఎంపికలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

పగ్గాలు ఎవరి చేతిలో?

ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే. మూడు దారులున్నాయి. రోబో ప్రతి కదలికనూ భూమి నుంచి నడపడం మొదటిది. గమ్యం మాత్రం భూమి నుంచి చెప్పి, దారి రోబోనే చూసుకోనిచ్చి, అనుమానం వస్తే ఆగి అడిగేలా చేయడం రెండోది. పనిని రోబోల గుంపుకే అప్పగించి, ఎవరేం చేయాలో అవే పంచుకునేలా వదిలేయడం మూడోది.

మొదటి దారికి పాత, గట్టి ఉదాహరణ సోవియట్ లూనోఖోద్ 1. 1970 నవంబరు 17న దిగిన ఈ ఎనిమిది చక్రాల బండిని భూమి మీద ఐదుగురు మనుషుల జట్టు నడిపింది. తెర మీద వాళ్లకు కనిపించేది సాఫీగా సాగే వీడియో కాదు, కొన్ని సెకన్లకొకటి చొప్పున మారే నిశ్చల చిత్రాలు. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. సంకేతం వెళ్లి రావడానికే రెండున్నర సెకన్లు పడుతుంది. తెర మీద గుంత కనబడేసరికి బండి దాన్ని సమీపించే ఉంటుంది. అయినా అది దాదాపు పది నెలల్లో 10.5 కిలోమీటర్లు తిరిగింది. 1973లో లూనోఖోద్ 2 ఏకంగా 39 కిలోమీటర్లు వెళ్లింది. కాబట్టి ‘ఆలస్యం వల్ల దూరం నుంచి నడపడం అసాధ్యం’ అనే వాదనను నేను ఒప్పుకోను. అది యాభై ఏళ్ల కిందటే సాధ్యమని తేలిపోయింది.

అసలు ఇబ్బంది మనుషుల లెక్కలో ఉంది. ఒక బండికి ఐదుగురు చొప్పున పది బండ్లకు షిఫ్టుకు యాభై మంది కావాలి, అదీ రాత్రింబవళ్లు. వేగం సంగతి చూస్తే ఇంకా నిరాశ. చంద్రయాన్ 3 రోవర్ ప్రజ్ఞాన్ 2023 ఆగస్టు 23 తర్వాత పది రోజుల్లో తిరిగింది 100 మీటర్లకు కాస్త పైన. దాని కెమెరా చిత్రాలతో భూమి మీద నేల ఎత్తుపల్లాల నమూనా తయారు చేసి, ఒక్కో ఆదేశానికి గరిష్ఠంగా 5 మీటర్లు కదిలించారు. ఆగస్టు 27న మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వెడల్పున్న బిలం ఎదురైతే, వెనక్కి తిప్పి వేరే దారి పట్టించారు. అన్వేషణకు ఆ జాగ్రత్త సరైనదే. వందల టన్నుల మట్టిని ఒకే దారిలో వేలసార్లు మోయాల్సిన పనికి మాత్రం ఆ పద్ధతి సరిపోదు.

దక్షిణ ధ్రువంలో మరో చిక్కు ఉంది. అక్కడి నుంచి చూస్తే భూమి దిగంతాన్ని ఆనుకునే కనిపిస్తుంది. నెలలో దాదాపు సగం రోజులు దిగంతం కిందికి జారిపోతుంది. మధ్యలో సంకేతాలను అందించే రిలే ఉపగ్రహం లేకపోతే ఆ రోజుల్లో రోబోతో మాటామంతీ బంద్. చైనా 2024 మార్చిలో చ్వేచియావో 2 రిలే ఉపగ్రహాన్ని పంపింది ఇలాంటి అవసరం కోసమే. రిలే ఉన్నా అది ఎప్పుడో ఒకసారి మొరాయిస్తుంది. ఆ పూట రోబో తన ప్రాణం తాను కాపాడుకోగలగాలి.

మూడో దారి ఎంత దూరం వచ్చిందో చెప్పడానికి ఒక చిన్న ముచ్చట. 2024 జనవరిలో జపాన్ ల్యాండర్ స్లిమ్ దిగేటప్పుడు ముక్కు మీద బోర్లా పడింది. అది దిగే ముందు వదిలిన రెండు చిన్న రోబోలలో ఒకటి, ఎనిమిది సెంటీమీటర్ల బంతి. బరువు పావు కిలో. ఆ బంతి రెండుగా విచ్చుకుని, దొర్లి, కెమెరా తెరిచి, తీసిన చిత్రాల్లో ల్యాండర్ ఉన్నవాటిని తనే ఏరి, రెండో రోబో ద్వారా భూమికి పంపింది. భూమి మీద ఎవరూ దానికి ‘అటు తిరుగు’ అని చెప్పలేదు. ల్యాండర్ తలకిందులై ఉన్న ఆ ఫొటో ప్రపంచం చూసిందంటే ఆ పావు కిలో యంత్రం సొంత నిర్ణయం వల్లే. అమెరికాలోని జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ కట్టిన క్యాడర్ ప్రాజెక్టులో మూడు చిన్న రోవర్లు తమలో ఒకదాన్ని నాయకుడిగా ఎంచుకుని పని పంచుకుంటాయి. వీటిని చంద్రుడి మీద పరీక్షించాలన్నది సంకల్పం.

నా ఓటు కలగలుపుకే. అది ఎలా ఉండాలో మాత్రం పనిని బట్టి తేలాలి, సాఫ్ట్‌వేర్ తెలివిని బట్టి కాదు. ఒక పనిని తూచేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. తప్పు జరిగితే సరిదిద్దుకోగలమా? ఈ పనిని ఎన్నిసార్లు చేయాలి? సరిదిద్దుకోలేనిది, ఒకటి రెండుసార్లే చేసేది అయితే, ఉదాహరణకు విద్యుత్ కేబుల్‌ను తొలిసారి బిగించడం, నివాసపు తలుపు సీలు పరీక్షించడం వంటివైతే, భూమి నుంచే అంగుళం అంగుళం నడపండి. తప్పినా నష్టం లేనిది, వేలసార్లు చేయాల్సిందైతే, అంటే మట్టి తవ్వి పోయడం లాంటిదైతే, రోబోకే వదిలేయండి. మధ్యలో ఉన్నవన్నీ రెండో దారికి. ఇక ఒకదాంట్లో మాత్రం ఏ రోబోకైనా పూర్తి స్వేచ్ఛ ఉండాల్సిందే: వేడెక్కినప్పుడు, వాలినప్పుడు, బ్యాటరీ అడుగంటినప్పుడు ఆగడం, దాక్కోవడం.

లూనోఖోద్ 2 చచ్చిన తీరు ఈ మాటకు సాక్ష్యం. 1973 మేలో ఒక బిలంలోకి దిగినప్పుడు తెరిచి ఉన్న దాని మూత బిలం గోడను గీరి, మట్టి మూత లోపలివైపున్న సౌరఫలకాల మీద పడింది. మూత మూసేసరికి ఆ మట్టి వేడిని బయటికి పంపే భాగం మీద రాలింది. తర్వాత బండి లోపల వేడి పెరిగిపోయి మళ్లీ పనికి రాలేదు. ‘మూత మీద మట్టి ఉంది, మూయొద్దు, ముందు దులుపు’ అనే చిన్న తెలివి ఆ యంత్రానికి లేదు. దారి వెతుక్కునే తెలివి కంటే తన ఒంటి స్థితి తెలుసుకునే తెలివికి ఎక్కువ మార్కులు వేస్తానంటే కారణం ఇదే. అమ్మకపు బొమ్మల్లో ఇది ఎక్కడా కనిపించదు.

ఒక భారీ యంత్రమా, నాలుగు చిన్నవా?

ఇక్కడ లెక్క వేస్తేనే విషయం తెలుస్తుంది. చైనా చాంగే 4 ల్యాండర్ కొలతల ప్రకారం చంద్రుడి నేల మీద రేడియేషన్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్నదానికి సుమారు 2.6 రెట్లు. దాన్ని తట్టుకునే చవకైన కవచం అక్కడి మట్టే. అడ్డంగా 8 మీటర్లుండే అర్ధగోళపు నివాసం మీద 2 మీటర్ల మందాన మట్టి కప్పాలనుకుందాం. దాదాపు 320 ఘనపు మీటర్లు కావాలి. ఘనపు మీటరుకు టన్నున్నర చొప్పున 480 టన్నులు. వాలుగా పోస్తే మట్టి జారుతుంది కాబట్టి అసలు లెక్క ఇంకా పెద్దదే. నాసా కెన్నెడీ కేంద్రంలో తయారవుతున్న ఐపెక్స్ అనే తవ్వే రోబోకు పెట్టుకున్న లక్ష్యం ఒక చాంద్ర పగలులో, అంటే నెలకొకసారి వచ్చే పద్నాలుగు రోజుల వెలుగులో, దాదాపు 10 టన్నులు. ఆ లెక్కన ఒక్క రోబోకు 48 చాంద్ర పగళ్లు పడుతుంది, అంటే నాలుగేళ్లకు కొద్దిగా తక్కువ. నాలుగు రోబోలుంటే ఏడాది.

‘అయితే నాలుగింతలు పెద్ద యంత్రాన్నే పంపితే పోలేదా?’ అనిపిస్తుంది. భూమి మీద అదే సరైన జవాబు. బుల్డోజరు నేలను చీల్చగలిగేది దాని బరువు వల్ల. చంద్రుడి మీద బరువు ఆరో వంతే. పార గట్టిగా దిగితే నేల కదలదు, యంత్రమే పైకి లేస్తుంది. ఐపెక్స్‌కు ముందు నమూనా రాసర్‌లో దీనికి పెట్టిన ఉపాయం నాకు ముచ్చటగా అనిపిస్తుంది. ముందొక డ్రమ్ము, వెనకొక డ్రమ్ము. ఒక్కోదాని అంచున చిన్న చిన్న గరిటెలు. రెండూ ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. ముందుది బండిని ఒకవైపు నెడితే వెనకది రెండోవైపు నెడుతుంది. నెట్టుళ్లు రెండూ రద్దయి బండి నిలబడిపోతుంది. గరిటెలు నేలను పైపైన గీరి మట్టిని డ్రమ్ములోకి నింపుతాయి. కట్ట దగ్గరికి వెళ్లి డ్రమ్ములను తిరగేసి తిప్పితే మట్టి రాలిపోతుంది. వేరే ట్రక్కు అక్కర్లేదు.

భారీ యంత్రానికి ఒకే ఒక లాభం ఉంది: పెద్ద బండను పక్కకు నెట్టడం. అలాంటి చోటును ఎంచుకోకపోవడం అంతకంటే చవక. చిన్నవాటి గుంపులో ఒకటి పాడైతే మిగిలినవి పని సాగిస్తాయి, పాడైనదాని విడిభాగాలు వాడుకోవచ్చు. నిర్మాణం విషయంలోనూ గుంపే మేలన్న సూచనలున్నాయి. నాసా ఏమ్స్ కేంద్రం చేసిన ఆర్మడాస్ అనే ప్రయోగంలో మూడు చిన్న రోబోలు వందల దిమ్మెలను వాటంతట అవే పేర్చి మీటర్ల స్థాయి కట్టడాన్ని నిలబెట్టాయి. అది భూమి మీది ప్రయోగశాలలో జరిగిందన్న సంగతి మరిచిపోకూడదు. ధూళి లేదు, చలి లేదు.

గుంపు అంటే మరీ చిన్నవి కూడా కాదు. పావు కిలో బంతి ఫొటో తీస్తుంది గానీ మట్టి మోయదు. నా అంచనాలో ఒకే అచ్చులో పోసిన మూడు నాలుగు మధ్యస్థ తవ్వే రోబోలు, మార్చుకోగలిగే పనిముట్లతో.

చక్రాలు, కాళ్లు, గెంతులు

దీని మీద ఎక్కువ చెప్పాల్సింది లేదు. చంద్రుడి మీద ఇప్పటిదాకా దూరం తిరిగినవన్నీ చక్రాల బండ్లే. కాళ్ల రోబో నిటారు వాలుల్లో, బండల మధ్య మెరుగు. చంద్రుడి మీద అలాంటిదేదీ ఇంకా అడుగు పెట్టలేదు, కీళ్లలోకి ధూళి దూరడం దాని పెద్ద బలహీనత. గెంతే రోబో చీకటి బిలంలోకి దూకి చూసి రావడానికి బాగుంటుంది. విక్రమ్ ల్యాండర్ 2023 సెప్టెంబరులో ఇంజిన్లు మళ్లీ వెలిగించి 40 సెంటీమీటర్లు లేచి పక్కన దిగింది. 2025 మార్చిలో దక్షిణ ధ్రువం దగ్గరి మాన్స్ మూటన్ కొండ వద్దకు వెళ్లిన గ్రేస్ అనే గెంతే రోబో మాత్రం, మోసుకెళ్లిన ల్యాండర్ పక్కకు ఒరిగిపోవడంతో, ఎగరకుండానే కథ ముగించింది. నిర్మాణానికి చక్రాలు, బిలాల పరిశీలనకు ఒకటి రెండు గెంతేవి. కాళ్లు తర్వాత చూడవచ్చు.

రాత్రిని దాటించేది ఏది?

తెలివి ఎంతున్నా పద్నాలుగు రోజుల రాత్రిని దాటలేని రోబో పన్నెండో రోజుకే రిటైర్మెంటు సిద్ధం చేసుకోవాలి. మధ్యరేఖ దగ్గర పగలు 120 డిగ్రీలు, రాత్రి మైనస్ 130. ఎప్పటికీ ఎండ సోకని ధ్రువ బిలాల్లో మైనస్ 200 కంటే దిగువ. ఎండ పడే చోటైనా నేల ఎంత మొండిదో చంద్రయాన్ 3 కొలిచి చూపింది: పైన 50 డిగ్రీలు దాటిన వేడి, ఎనిమిది సెంటీమీటర్ల లోతున మైనస్ 10.

వెచ్చదనానికి రేడియోధార్మిక పదార్థపు హీటరు పెట్టడం ఒక ఉపాయం. లూనోఖోద్‌లలో పొలోనియం 210 ఆ పని చేసింది. అలాంటి ఏర్పాటు లేని విక్రమ్, ప్రజ్ఞాన్ తొలి రాత్రి తర్వాత మేలుకోలేదు. అవి కట్టిందే ఒక పగటికి. అయితే రాత్రికోసం కట్టని స్లిమ్ ల్యాండర్ మాత్రం ఒకటికి మూడు రాత్రులు దాటి పలికి అందరినీ ఆశ్చర్యపరిచింది. అదృష్టాన్ని ప్రణాళికలో రాసుకోలేం గానీ, ఇలాంటివి చూస్తే ఎలక్ట్రానిక్స్ మనమనుకున్నంత సుకుమారం కాదనిపిస్తుంది.

శాశ్వత స్థావరానికి కరెంటు విషయంలో పోటీ రెండింటి మధ్యే. ధ్రువం దగ్గరి ఎత్తైన గుట్టల మీద ఏడాదిలో 80 శాతానికి పైగా ఎండ పడే చోట్లున్నాయి. సూర్యుడు దిగంతం వెంబడే తిరుగుతాడు కాబట్టి ఫలకాలను నిలువుగా, ఎత్తైన స్తంభాల మీద పెట్టాలి. రెండోది చిన్న అణు రియాక్టరు. 2018లో నెవాడాలో క్రస్టీ పరీక్ష ఆ సైజు రియాక్టరు భూమి మీద పనిచేస్తుందని చూపింది. రియాక్టరు చీకటిలోనూ పనిచేస్తుంది, కానీ దాని చుట్టూ కూడా మట్టికట్ట కావాలి, దూరంగా పెట్టి కేబుల్ లాగాలి. ఆ కట్ట పోసే రోబోలకు కరెంటు ఎక్కడిది? అందుకే వరుస ఇలా ఉండాలంటాను: ముందు సౌర స్తంభాలు, వాటి కింద ఛార్జింగ్ గూళ్లు, రోబోలు రాత్రి వాటిలోకి చేరి వెచ్చగా పడుకోవాలి. రియాక్టరు మనుషులకు ముందు, రోబోలకు తర్వాత.

దిగే చోటు: కరిగించాలా, కట్ట పోయాలా?

1969 నవంబరులో అపోలో 12, అంతకుముందు రెండేళ్లుగా అక్కడున్న మనుషుల్లేని ల్యాండర్ సర్వేయర్ 3కి సుమారు 160 మీటర్ల దూరంలో దిగింది. వ్యోమగాములు విప్పి తెచ్చిన సర్వేయర్ భాగాలను చూస్తే, ఇంజిను మంట ఎగదోసిన ఇసుక వాటిని రాపిడి కాగితం పెట్టి రుద్దినట్టు గీరేసింది. గాలి లేదు కాబట్టి ఆ రేణువులను ఆపేదేమీ ఉండదు. రేపు పదింతల బరువున్న ల్యాండర్లు స్థావరం పక్కనే దిగుతాయి.

ఆకర్షణీయమైన పరిష్కారం నేలను లేజరుతోనో మైక్రోవేవుతోనో కరిగించి పలకగా మార్చడం. యూరప్ అంతరిక్ష సంస్థ పేవర్ ప్రాజెక్టులో శక్తిమంతమైన లేజరుతో కృత్రిమ చంద్రమట్టిని కరిగించి, ఒకదానిలో ఒకటి ఇమిడే 20 సెంటీమీటర్ల త్రికోణపు పలకలు చేశారు. వంద చదరపు మీటర్ల మేర 2 సెంటీమీటర్ల మందాన పరచడానికి 115 రోజులు పడుతుందని వాళ్ల అంచనా. వంద చదరపు మీటర్లంటే పది మీటర్ల చతురస్రం; ఏ పెద్ద ల్యాండరుకూ చాలదు.

మట్టికట్ట అంత అందంగా ఉండదు. కానీ ఇంజిను మంట నుంచి ధూళి ఎక్కువగా నేలకు ఒకటి నుంచి మూడు డిగ్రీల కోణంలో దూసుకుపోతుంది. దాన్ని ఆపడానికి ఎత్తైన గోడ అక్కర్లేదు, చుట్టూ కట్ట చాలు. దానికి కొత్త యంత్రమూ అక్కర్లేదు; నివాసం మీద మట్టి పోసే రోబోలే ఇదీ చేస్తాయి. అందుకని తొలి విడతలో కట్ట, చదును చేసిన నేల. పలకలు రెండో విడతకు, రియాక్టరు కరెంటు వచ్చాక. ఎగిరే నేల అడుగున ఉన్నంతకాలం కట్ట మొత్తం ప్రమాదాన్ని ఆపదన్న విమర్శ నిజమే. అందుకే తొలి ల్యాండింగులను స్థావరానికి ఎక్కువ దూరంలో పెట్టుకోవాలి.

ఒకప్పుడు లావా పారి ఖాళీ అయిన సొరంగాల్లోకి వెళితే ఈ కట్టలు, కప్పులు ఏవీ అక్కర్లేదని వాదించేవారున్నారు. జపాన్ కగుయా నౌక 2009లో మారియస్ హిల్స్ వద్ద గుర్తించిన పెద్ద రంధ్రం, చంద్రుడి మీది ‘ప్రశాంత సముద్రం’ అనే మైదానంలోని మరో గొయ్యి చూస్తే ఊరిస్తాయి. నీడలో ఉష్ణోగ్రత దాదాపు 17 డిగ్రీలని ఉపగ్రహ లెక్కలు. అవి నీటిమంచు ఉన్న ధ్రువానికి చాలా దూరం, లోపలికి ఏ రోబో దిగలేదు. పరిశోధనకు పంపండి, తొలి స్థావరానికి లెక్కలోకి తీసుకోకండి.

మనిషి ఆకారపు రోబోల సంగతి

బొమ్మల్లో ఇవే ముందుంటాయి. నాసా రోబోనాట్ 2ను 2011లో అంతరిక్ష కేంద్రానికి పంపారు. తర్వాత కాళ్లు అమర్చారు, విద్యుత్ సమస్యలు తలెత్తాయి, 2018లో మరమ్మతుకు భూమికి తెచ్చారు. గాలి, వెచ్చదనం, పక్కనే మరమ్మతు చేయగల మనుషులు ఉన్న చోటే అలా జరిగింది. మనుషుల కోసం చేసిన తలుపులు, పనిముట్లు వాడాల్సిన చోట, అంటే నివాసం లోపల, వీటికి భవిష్యత్తుంది. పారపనికి పంపితే మాత్రం డబ్బు మట్టిపాలు, అక్షరాలా.

ఒప్పందానికి ముందు అడగాల్సినవి

ఏ తయారీదారుడైనా తమ రోబో ఎంత వేగంగా తవ్వుతుందో చెబుతాడు. ఎన్ని గంటలు తవ్వాక గరిటెలు అరిగిపోతాయో అడగండి. చంద్రధూళి గాజుముక్కలంత పదును, విద్యుదావేశంతో అంటుకుంటుంది. సీళ్లు, బేరింగులు ముందుగా పోతాయి. 2025 మార్చిలో బ్లూ గోస్ట్ ల్యాండర్ మీద విద్యుత్ క్షేత్రంతో ధూళిని దులిపే కవచం పనిచేసి చూపింది. అలాంటిది వాళ్ల యంత్రంలో ఉందా?

ఏ మట్టిలో పరీక్షించారో అడగండి. మెత్తని కృత్రిమ మట్టిలో ఏ యంత్రమైనా తవ్వుతుంది. చంద్రుడి నేల పైన వదులుగా ఉన్నా అడుగు లోతు దాటకముందే గట్టిగా అదుముకుని ఉంటుంది. చైనా చాంగే 5 డ్రిల్లు 2 మీటర్లకు బయల్దేరి దాదాపు ఒక మీటరు దగ్గర ఆగిపోయింది. అంగారకుడి మీద ఇన్‌సైట్ ల్యాండర్ నేలలోకి దించిన ‘చుంచు’ అనే పరికరం 5 మీటర్లు దిగాల్సింది. మట్టి పట్టు ఇవ్వకపోవడంతో రెండేళ్లు తంటాలు పడి ఉపరితలం కిందికి మాత్రమే చేరింది. తవ్వుడు ఆగిపోతే రోబో ఏం చేస్తుంది, పక్కన మరోచోట మొదలుపెడుతుందా లేక భూమి నుంచి కబురు కోసం ఎదురుచూస్తుందా? దానికి స్పష్టమైన జవాబు రాకపోతే ఆ స్వయంచాలకత కేవలం ప్రకటనే.

చివరగా, లేజరుతో దూరాలు కొలిచే లిడార్ ఉందా, దీపాలున్నాయా అని అడగండి. ధ్రువంలో ఎండ పక్కవాటుగా పడి అరచేతి రాయికి కూడా మీటర్ల నీడ పడుతుంది. వట్టి కెమెరా ఆ నీడను గొయ్యి అనుకుంటుంది, గొయ్యిని నీడ అనుకుంటుంది. ధ్రువంలో నీటిమంచు వెతకడానికి కట్టిన వైపర్ రోవర్‌కు నాసా హెడ్‌లైట్లు పెట్టింది ఆ కారణంగానే.